పెద్దన కోరిన లేఖకులు: హార్వర్డ్ ప్రెస్ అచ్చువేసిన రెండు తెలుగు కావ్యాలు

కావ్యం రాయాలంటే ఏమేం కావాలో అల్లసాని పెద్దన ఒక చాటుపద్యంలో ఏకరువు పెట్టాడని చెప్పుకుంటారు. ఇబ్బంది లేని చోటు, కప్పురవిడెం, మనసుకు నచ్చిన భోజనం, ఉయ్యాలమంచం అన్నవి అందరూ నవ్వుతూ గుర్తుచేసుకుంటారు కానీ, పద్యం చివర ఆయన అడిగినవాటిని అంతగా పట్టించుకోరు. ఒప్పుతప్పులు అరయగల రసజ్ఞులు, ఊహ తెలిసిన లేఖకులు, పాఠకులు దొరికితే తప్ప ఊరికే కృతులు రచించమంటే అయ్యే పనేనా అని ఆయన ప్రశ్న. విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ చేయవలసిన పనిని ఇంతకంటే పొందికగా చెప్పినవారిని నేను చూడలేదు. అదే పెద్దన రాసిన మనుచరిత్రను, ఆయన సమకాలికుడైన నంది తిమ్మన రాసిన పారిజాతాపహరణాన్ని హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ తెలుగు లిపిలోనే, ఎదుటి పుటలో ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించింది. ఆ రెండు సంపుటాలూ కొన్నాళ్లుగా నా బల్ల మీద ఉన్నాయి. పద్యం చదవగలిగీ అర్థం కోసం తడుముకునే నాబోటి తెలుగువాడికి అవి ఏ మేరకు పనికివస్తాయన్నదే ఇక్కడ నేను చెప్పదలచినది.

ఇవి మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే గ్రంథమాలలోవి. 2010లో రోహన్ మూర్తి ఇచ్చిన విరాళంతో ఈ మాలకు పునాది పడగా, సంస్కృత పండితుడు షెల్డన్ పొలాక్ ప్రధాన సంపాదకుడిగా, 2015 జనవరిలో తొలి ఐదు సంపుటాలు వెలువడ్డాయి. బౌద్ధ భిక్షుణుల పాలీ గాథలు, సూరదాసు పదాలు, బుల్లేషా గీతాలు, అబుల్ ఫజల్ రాసిన అక్బరు చరిత్రలో మొదటి భాగం, వాటి సరసన మన మనుచరిత్ర. తొలి ఐదింటిలో తెలుగుకు చోటు దక్కడం చిన్న విషయం కాదు. 'ది స్టోరీ ఆఫ్ మను' పేరుతో దీన్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి అనువదించారు. 2022లో వచ్చిన పారిజాతాపహరణం 'థెఫ్ట్ ఆఫ్ ఎ ట్రీ' అనే పేరుతో ఉంది. దానికి హర్షిత మృత్తింటి కామత్, నారాయణరావు అనువాదకులు.

తెలుగు పద్యం అమెరికా విశ్వవిద్యాలయ ప్రచురణల గడప తొక్కడం ఇదే మొదలు కాదు. క్షేత్రయ్య మొదలైనవారి పదాలను ఎ.కె. రామానుజన్‌తో కలిసి ఇదే నారాయణరావు, షుల్మన్ అనువదించగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1994లో ప్రచురించింది. ప్రాచీన తెలుగు కవిత్వ సంకలనం ఒకటి 2002లో అక్కడినుంచే వచ్చింది. అయితే వాటిలో అనువాదానిదే పెద్దపీట. మూలం తెలుగు అక్షరాలలో, అనువాదంతో సమానమైన మర్యాదతో, ఎడమ పుట నిండా నిలబడటం ఈ మాలలోని విశేషం. న్యూయార్క్ యూనివర్సిటీ ప్రెస్ గతంలో తెచ్చిన క్లే సంస్కృత గ్రంథమాలలో మూలశ్లోకాలను రోమన్ లిపిలో ముద్రించారు. ఆ పద్ధతి పాశ్చాత్య విద్యార్థికి సౌకర్యమేమో గానీ మన కంటికి మాత్రం బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నట్టు ఉంటుంది. మూర్తి మాల సంపాదకులు ఆ దారిన పోకుండా ఏ భాష రచనను ఆ భాష లిపిలోనే అచ్చువేయాలని నిశ్చయించుకోవడం వల్ల వారికి పెద్ద పనే పడింది. తగిన అక్షరాలు సిద్ధంగా లేకపోవడంతో కొత్తవి గీయించవలసి వచ్చింది.

ఆ అక్షరాల గురించి కొంత వివరంగా చెప్పాలి. ఫియోనా రాస్, జాన్ హడ్సన్ ఈ మాల కోసం రూపొందించిన తెలుగు ఖతి (ఫాంటు) తరువాత తిరో తెలుగు అనే పేరుతో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. దాని సత్తా తెలియాలంటే 'అటజని కాంచె' పద్యం ఉన్న పుట తెరవాలి. ప్రవరుడు హిమాలయాన్ని మొదటిసారి చూసే సందర్భంలోని ఆ చంపకమాలలో 'శిరస్సరజ్ఝరీ' అన్న మాట ఉంది. 'జ' కింద 'ఝ' వత్తు చేరే చోట మన మామూలు కంప్యూటర్ ఖతులు చాలావరకు చేతులెత్తేస్తాయి. వత్తు కింది పంక్తిలోకి జారిపోతుంది, లేదంటే ఇరుక్కుని నల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఇక్కడ ఆ వత్తు తన చోట తాను కుదురుగా కూర్చుంది. సన్నగీత, మందగీతల తేడా పాత సీసపు అచ్చును గుర్తుకు తెస్తూనే కంటికి శ్రమ లేకుండా సాగుతుంది. ఆ వెంటనే వచ్చే 'ముహుర్ముహుర్లుఠత్' కూడా అంతే. పెద్దన కోరిన ఊహ తెలిసిన లేఖకుడు ఐదువందల ఏళ్ల తరువాత అక్షరాలు గీసేవారి రూపంలో దొరికాడనిపించింది. పాఠ్యపుస్తకాలలోనూ దినపత్రికలలోనూ మనం రోజూ సహించే అక్షరాలను తలచుకుంటే ఇది చిన్న సంగతిగా తోచదు.

ఇక పుస్తకాన్ని, కవిని లోకానికి పరిచయం చేయడంలో ప్రెస్‌వారు పాటించే పద్ధతి చూద్దాం. ప్రతి పుస్తకానికీ నాలుగైదు వాక్యాల పరిచయం ఉంటుంది. గ్రంథకర్తగా పెద్దన పేరే ఉంటుంది, అనువాదకులు ఆయన తరువాతనే వస్తారు. మనుచరిత్ర పరిచయాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు కొంత చిరాకు కలిగిన మాట నిజం. అందులో విజయనగరం ఉంది, కృష్ణరాయలతో కవి స్నేహం ఉంది, స్వారోచిష మనువు ఉన్నాడు, మనువు పుట్టుకకు అవసరమైన కోరికల అల్లిక గురించిన మాట ఉంది. ప్రవరుడి పేరు లేదు, వరూధిని పేరూ లేదు! తెలుగుదేశంలో మనుచరిత్ర అనగానే పాదలేపం, మంచు, 'ఎవ్వతె వీవు' అన్న ప్రశ్న తప్ప మరేదీ గుర్తుకు రాని స్థితిలో, ఆ ఇద్దరి ప్రసక్తి లేని పరిచయం నాకు పెళ్లికొడుకు పేరు వేయని శుభలేఖలా కనిపించింది.

పుస్తకం పూర్తిచేశాక మాత్రం ఆ పరిచయం రాసినవారి వైపే న్యాయం ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. ఇది ఆరు ఆశ్వాసాల కావ్యం. మనం బడిలో చదివినదీ, అవధానాలలో విన్నదీ మొదటి రెండు ఆశ్వాసాల చుట్టూ తిరిగే కథ మాత్రమే. ప్రవరుడు అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరుకున్న తరువాత, వరూధిని తిరస్కరించిన గంధర్వుడు మాయా ప్రవరుడై ఆమెను చేరడం, వారికి స్వరోచి పుట్టడం, అతను వేటకు వెళ్లడం, మనోరమను ఆదుకోవడం, విభావసి కళావతులను పెళ్లాడి ఒకరి దగ్గర మృగపక్షుల భాషనూ, మరొకరి దగ్గర పద్మినీ విద్యనూ పొందడం, ఆ నేర్చిన భాషతోనే పక్షులూ లేళ్లూ తన భోగలాలసను ఎగతాళి చేయడం వినవలసి రావడం, చివరికి లేడి రూపంలోని వనదేవత వల్ల మనువు జన్మించడం ఇదంతా కావ్యంలో ఎక్కువ భాగం. కావ్యం పేరు మనుచరిత్ర అయినప్పుడు పరిచయం మనువుతో మొదలవడమే సబబు. తెలుగు చదువు వల్ల నాకు అలవడిన ఒక సగం చూపును విదేశంలో రాసిన నాలుగు వాక్యాలు సరిదిద్దాయని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. స్వరోచి వేట ఘట్టం నేను ఈ ప్రతిలోనే మొదటిసారి ఆసాంతం చదివాను.

తిమ్మన కావ్యానికి రాసిన పరిచయం మరో రకం. రాయలకు దూరమైన రాణికి ఆయన అనురాగాన్ని తిరిగి సంపాదించిపెట్టడానికి కవి ఈ కథ చెప్పాడన్న ఐతిహ్యంతో అది మొదలవుతుంది. దాన్ని చరిత్రగా కాక జనశ్రుతిగానే పేర్కొనడం విశ్వవిద్యాలయ సంస్థకు తగిన జాగ్రత్త. ఆ తరువాత, ఈ కావ్యంలోని కథైక్యం తెలుగు నవలకు ముందడుగు వంటిదన్న ధోరణిలో ఒక మాట ఉంది. అది నాకు అతిగా తోచింది. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వుతో మొదలై, సత్యభామ అలక, పాదాల మీద వాలిన కృష్ణుడి శిరస్సును ఆమె ఎడమకాలితో తొలగించడం, ఇంద్రుడితో యుద్ధం, పుణ్యకవ్రతం దాకా కథ ఎక్కడా దారి తప్పకుండా సాగే మాట వాస్తవమే. ఆ బిగువును మెచ్చుకోవడానికి నవలను సాక్ష్యానికి పిలవనక్కరలేదు. పద్యం పద్యంగానే గెలుస్తుంది.

నాకు తెలిసిన ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడికి ఈ సంపుటాలు చూపించాను. ఆయన పారిజాతాపహరణం తెరిచి, కుడి పుటను అరచేత్తో మూసేసి, అలక ఘట్టంలోని పద్యాలను రాగయుక్తంగా చదవడం మొదలుపెట్టారు. మూడో పద్యం దగ్గర ఆగి, "ప్రతిపదార్థం లేదేమిటయ్యా?" అన్నారు. "తాత్పర్యం మీ చేతి కింద ఉంది మాస్టారూ" అన్నాను. ఆయన చేయి తీసి కాసేపు ఇంగ్లీషు చదివి, "తాత్పర్యం బాగానే ఉంది, అయితే టీక లేకుండా తాత్పర్యమెలా నమ్మను?" అని మళ్లీ చేత్తో మూసేశారు.

ఆయన ఆక్షేపణ కొట్టిపారేయదగినది కాదు. మన వ్యాఖ్యాన సంప్రదాయం పద్యాన్ని మాట మాటగా విడదీసి, సమాసం విప్పి, అలంకారం చెప్పి, ఆ తరువాతే భావానికి వస్తుంది. సి.పి. బ్రౌన్ కాలంలో జూలూరి అప్పయ్య మనుచరిత్రకు రాసిన వ్యాఖ్య మొదలుకొని వావిళ్లవారి సటీక ప్రతుల దాకా అదే పద్ధతి. ఇక్కడ ఆ నిచ్చెన ఉండదు. పీఠిక, పాఠాన్ని గురించిన వివరణ, చివర టిప్పణులు ఉన్నాయి, అవి విలువైనవే, కానీ ఎడమ పుటకూ కుడి పుటకూ మధ్య ఉన్న దూరాన్ని పాఠకుడు తన వ్యాకరణ జ్ఞానంతో తానే దాటాలి. 'అటజని కాంచె' పద్యాన్నే తీసుకుంటే, క్రియ ముందే వచ్చేస్తుంది. చూశాడు అని చెప్పి, ఏం చూశాడో చెప్పకుండా, ఆకాశాన్ని తాకే శిఖరాల మీది సెలయేళ్లను, వాటి అలల మృదంగధ్వనికి పురివిప్పి ఆడే నెమళ్లను, ఏనుగుల తొండాలు కదిలించే చెట్లను దాటించి, ఆఖరి మాటగా మంచుకొండను నిలబెడతాడు పెద్దన. ఏ అనువాదమైనా ఈ సమాసాన్ని ముక్కలు చేసి వాక్యాలుగా పేర్చక తప్పదు. మృదంగం మోగుతుందని కుడి పుట చెప్పగలదు, మోగించడం ఎడమ పుట వంతు. అనువాదకులు ఛందస్సును అనుకరించే ప్రయాస పెట్టుకోకుండా నేటి ఇంగ్లీషులో తేటగా చెప్పడానికి పూనుకోవడం, ఈ పరిమితి తెలిసి చేసిన పనే.

విదేశంలో పుట్టిపెరిగి, అక్షరాలు కూడబలుక్కుని చదివే మన పిల్లలకు ఈ పుస్తకాలు ఇవ్వవచ్చునా అని అడిగేవారుంటారు. ఇవ్వవచ్చు, అయితే తిమ్మనతో మొదలుపెట్టించాలి. కథ తెలిసినది, నిడివి తక్కువ, మాటలు పెద్దనకంటే తేలిక. ఇంగ్లీషులో కథ పట్టుబడ్డాక ఎడమ పుటలో ఒక్కొక్క పద్యాన్ని పెద్దవాళ్లు చదివి వినిపించవచ్చు. ఇక్కడ ఉండి, తెలుగు బాగా వచ్చినవారికి మాత్రం మరో సలహా: వ్యాఖ్యతో కూడిన ఒక తెలుగు ప్రతిని పక్కన పెట్టుకోకుండా దీన్ని ఒంటరిగా చదవకండి. నేను మనుచరిత్రను ఆ విధంగానే చదివాను. తెలుగు వ్యాఖ్యాతలు శబ్దం దగ్గర ఆగి మురిసిపోయే చోట ఈ అనువాదకులు పాత్ర మనసులోకి తొంగిచూస్తారు. ముఖ్యంగా మాయా ప్రవరుడి విషయంలో, వరూధిని ప్రేమించినది మనిషినా, తన మనసులోని బొమ్మనా అన్న ప్రశ్న ఈ పుస్తకం చదివాకనే నాకు పట్టుకుంది.

ఒప్పుతప్పులు చూసే రసజ్ఞుల ఏర్పాటు కూడా ఇటువంటి సంస్థలలో పద్ధతిగానే ఉంటుంది. హార్వర్డ్ ప్రెస్ 1913లో స్థాపితమైనది. రాతప్రతిని బయటి పండితులకు పంపి అభిప్రాయం తీసుకోవడం, సిండిక్స్ అనే అధ్యాపక మండలి ఆమోదం పొందడం అక్కడి ఆనవాయితీ. గ్రీకు రచనలకు ఆకుపచ్చ అట్ట, లాటిన్ రచనలకు ఎర్ర అట్ట వేసే ప్రసిద్ధమైన లోబ్ గ్రంథమాల కూడా వారిదే. మూర్తి మాల ఎదురెదురు పుటల పద్ధతికి నమూనా అక్కడే కనిపిస్తుంది. హోమర్‌కు చేసిన మర్యాదే పెద్దనకూ చేశారన్నమాట.

కొనేవారికి రెండు మాటలు. గట్టి అట్ట ప్రతి మన జేబుకు బరువే. భారతదేశంలో అమ్మడానికి వేసిన మెత్తని అట్ట ప్రతి అందులో కొంత ధరకే వస్తుంది, లోపలి పాఠంలో తేడా లేదు కనుక అదే చాలు. దుకాణానికి వెళితే తెలుగు అల్మారాలో వెతకడం దండగ. నగరంలోని ఒక పెద్ద దుకాణంలో నేను అడిగితే, కుర్రవాడు కంప్యూటర్‌లో చూసి, ఉంది సార్ అని చెప్పి, సాహిత్యంలోనూ చరిత్రలోనూ గాలించి, చివరికి పురాణాలూ స్తోత్రాల వరస నుంచి, వ్రతకథల పుస్తకాల వెనక పడి ఉన్న 'ది స్టోరీ ఆఫ్ మను'ను తీసి ఇచ్చాడు.