పర్లాకిమిడిలో ఒక బైండింగ్ కొట్టు, మా అమ్మాయి కథల పుస్తకం

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో పుస్తకాలు కుట్టి అట్టలు కట్టే చిన్న కొట్టు ఒకటి ఉంది. దానికి పేరు రాసిన బోర్డు లేదు. ఎవరినడిగినా బైండింగ్ తాతగారి కొట్టు అని చూపిస్తారు. ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ రికార్డులు, అట్టలు ఊడిపోయిన పారాయణ పుస్తకాలు అక్కడికి ఎక్కువగా వస్తుంటాయి. నేను రెండు పనుల మీద ఆ కొట్టుకు చాలాసార్లు వెళ్లవలసి వచ్చింది. ఒకటి మా ఇంట్లోని పాత పత్రికలను సంపుటాలుగా కట్టించడం, రెండోది పదిహేనేళ్ల మా అమ్మాయి రాసిన కథలను పుస్తకంగా కుట్టించడం. ఇంట్లో కథలు రాసే పిల్లలున్నవారికి ఉపయోగపడుతుందని ఈ రెండు పనులూ ఎలా జరిగాయో వివరంగా రాస్తున్నాను.

మా అమ్మాయి చదివేది ఒడియా మాధ్యమంలో. తెలుగు అక్షరాలు బడిలో నేర్చుకోలేదు, మామ్మ దగ్గర నేర్చుకుంది. మా అత్తగారు దాచుకున్న తెలుగు చందమామలు, మావారు చిన్నప్పుడు చదువుకున్న దాని ఒడియా రూపం జహ్నమాము ఒకే ట్రంకు పెట్టెలో ఉండేవి. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ రెండింటిలోనూ ఉంటుంది. ఆ బొమ్మ ఆధారంగా ఒడియాలో తనకు తెలిసిన కథను తెలుగులో వెతుక్కుంటూ, కూడబలుక్కుంటూ చదివి, ఎనిమిదో ఏట మొదలుపెట్టి పన్నెండో ఏటికి మామ్మకే చదివి వినిపించే స్థితికి వచ్చింది. తెలుగు కథల పుస్తకాలు మేము శ్రీకాకుళం వెళ్లినప్పుడే కొంటాం కనుక, కొన్నవి అయిపోయాక మళ్లీ వెళ్లేదాకా ఏం చదవాలనే ప్రశ్నకు తనే కథలు రాసుకోవడం సమాధానమైంది.

పత్రికల పని గురించి చెప్పవలసింది తక్కువే. పన్నెండేసి సంచికలు ఒక సంపుటంగా మూడు సంపుటాలు కట్టారు, ఒక్కోదానికి 250 రూపాయలు తీసుకున్నారు. తుప్పు పట్టిన పిన్నులన్నీ ఒక్కొక్కటిగా తీసి, చిరిగిన అంచులకు పలుచని కాగితం అతికి, ఆ తరువాతనే కుట్టారు. రంగుల ముఖచిత్రాలను తీసి పారేయకుండా లోపల ఉంచడం నాకు చాలా సంతోషం కలిగించింది.

కథల పుస్తకం పని అంత తేలికగా సాగలేదు. అంతకుముందు ఒక జిరాక్సు దుకాణంలో నలభై రూపాయలకు ఆ కథలకు స్పైరల్ కట్టించాం. రెండు నెలలు తిరగకముందే చిల్లుల దగ్గర కాగితాలు తెగి ఊడిరావడం మొదలైంది. ఆ కట్టను విప్పి, మొత్తం 142 పుటలను, అంటే రెండు వైపులా రాసిన 71 విడి కాగితాలను, తాతగారి ముందు పెట్టాం. ఆయన వాటిని బల్ల మీద తట్టి సరిచేసి, ఎడమ అంచున వేలు పెట్టి చూపించారు. మా అమ్మాయి కాగితం చివరిదాకా రాసేసింది. విడి కాగితాలను పక్కనుంచే కుట్టాలి కాబట్టి, ఎడమవైపు మాటలన్నీ కుట్టులోకి వెళ్లిపోతాయని, పుస్తకం కూడా బల్ల మీద తెరిచి పెడితే నిలవదని చెప్పారు. "కుట్టు దగ్గర అంగుళం జాగా ఒగ్గేసి మళ్లీ రాయమ్మా, తొందరేముంది" అన్నారు. చేతికొచ్చిన బేరాన్ని ఆపి, పని సరిగ్గా రాదని ముందే చెప్పిన ఆ నిజాయతీ కోసమే ఈ కొట్టును నేను అందరికీ చెబుతున్నాను.

ఆయన ఉత్త మాట చెప్పి పంపించలేదు. పెద్ద కాగితం ఒకటి తీసి, రెండు వైపులకూ మెల్లగా వంచి, ఏ వైపు మెత్తగా వంగుతోందో మా అమ్మాయి చేత పట్టించి చూపించారు. కాగితంలోని నార ఏ దిక్కున సాగిందో ఆ దిక్కున మడత సులువుగా పడుతుందని, ఆ నార పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉంటేనే పుటలు ముడుచుకోకుండా చక్కగా తెరుచుకుంటాయని వివరించారు. నాలుగేసి కాగితాలను కలిపి మధ్యకు మడిచి, పదహారు పుటల ఫారాలు ఎనిమిది తయారుచేసి ఇచ్చారు. ఫౌంటెన్ పెన్నుతో రాస్తుందని తెలుసుకుని, సిరా వెనక్కి దిగకుండా ఉండేందుకు నోటుబుక్కు కాగితం కాకుండా కాస్త మందమైన 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) కాగితం ఎంచారు.

ఆ ఫారాల్లోకి కథలన్నీ తిరగరాయడానికి వేసవి సెలవులు మొత్తం పట్టాయి. మొదట్లో చూసి రాయడమే అనుకున్న పిల్ల, నాలుగో రోజుకల్లా వాక్యాలు కొట్టివేయడం, పేరాలు మార్చడం మొదలుపెట్టింది. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ నుంచి మా ఊరికి 1900లో మొదలైన చిన్న రైలు మీద రాసిన కథ మొదట పద్దెనిమిది పుటలుండేది. అందులో రైలు చరిత్రంతా తీసేసి, ఆ రైల్లో చంటిబిడ్డతో పుట్టింటికి వెళ్తున్న ఒక ఆడమనిషిని మాత్రం ఉంచి, పదకొండు పుటలు చేసింది. మామ్మ మాట్లాడినట్టే పాత్రలు మాట్లాడాలని సంభాషణలన్నీ మళ్లీ రాసింది. పుస్తకాల్లో తెలుగు జనం మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా పనిచేసి, దశాబ్దాల పాటు నివసించిన ఊరు ఇది. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన గురించి పాఠంగా ఎన్నడూ చదవని పిల్ల, మామ్మ నోటి మాటను కాగితం మీద పెట్టడానికి అన్ని రోజులు తంటాలు పడటం చూసి నాకు కళ్లు చెమర్చాయి. చివరికి 142 పుటలు 121 అయ్యాయి. మిగిలిన ఏడు పుటలను ఖాళీగానే ఉంచమంది.

ఇక కట్టుబడి. ఫారాలను లోపలి మడతలో దారంతో కుట్టి, ఒక ఫారాన్ని మరో ఫారానికి ముడి వేస్తూ కలిపారు. వెన్నుకు పూసిన మైదా జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపడం మేము దగ్గరుండి చూశాం. అది విషం కాబట్టి ఆ గిన్నెను ఎత్తుగా, వేరే అరలో పెడతారు. అట్టకు కాలికో అనే ముదురు నీలం నూలు గుడ్డ తొడిగి, చక్రం తిప్పి బిగించే ఇనుప ప్రెస్సులో రాత్రంతా ఉంచారు. ఇప్పుడు ఆ పుస్తకం ఏ పుట దగ్గర తెరిచినా చెయ్యి అడ్డం పెట్టనవసరం లేకుండా బల్ల మీద పరుచుకుని ఉంటుంది. ఫారాలు సర్దుతూ ఆయన ఒక పుట దగ్గర ఆగి, పెదవులు కదుపుతూ చదివి, "మా అమ్మ ఇలాగే మాటాడేది" అన్నారు. మా అమ్మాయి ఆ మాటను ఇంటికి వచ్చేదాకా మూడుసార్లు నాతో చెప్పింది.

లోపాలు కూడా చెప్పాలి. ఎనిమిది రోజుల్లో ఇస్తామన్న పుస్తకం పంతొమ్మిది రోజులకు చేతికి వచ్చింది. మధ్యలో రథయాత్ర వచ్చిన మాట నిజమే, అయినా ముందుగా చెప్పి ఉంటే పిల్ల రోజూ సాయంత్రం కొట్టుకు వెళ్లి నిరాశతో తిరిగి వచ్చేది కాదు. అంతకంటే బాధపెట్టిన సంగతి, అంచులు సమంగా కోసేటప్పుడు మూడు పుటల్లో పై వరుస తలకట్లు తెగిపోవడం. కుట్టు దగ్గర అంగుళం వదలమన్న ఆయన, పైన అర అంగుళం వదలమని కూడా చెప్పి ఉండవలసింది. వెన్ను మీది బంగారు అక్షరాల్లో మరో పొరపాటు జరిగింది. కొట్టులో ఒడియా అచ్చు అక్షరాలు పూర్తిగా ఉన్నాయి కానీ తెలుగు ఒత్తులు అన్నీ లేవు. ఆ కారణంగా, మా ఊరి ఏటి పేరు మీద పెట్టుకున్న "మహేంద్రతనయ కథలు" అన్న పేరు "మహేందతనయ కథలు" అని పడింది. చూపించగానే ఆయన నొచ్చుకున్నారు. వాదించకుండా ఆ అక్షరాలున్న చీటీని ఆవిరి పట్టి ఊడదీసి, తెల్ల కాగితం ముక్క అతికి, మా అమ్మాయి చేతికే పెన్ను ఇచ్చి పేరు రాయించారు. అక్షరాలకు పుచ్చుకున్న యాభై రూపాయలు తిరిగి ఇచ్చేశారు. కాగితం, కుట్టు, కాలికో అట్ట అన్నీ కలిపి చివరికి 370 రూపాయలు అయ్యాయి. ఆ పనితనానికి ఇది తక్కువే అనిపించింది.

పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు నుంచి వచ్చేవారు కూడా ఒక్క పూటలో కాగితాలు ఇచ్చి వెళ్లిపోవచ్చు. కాకపోతే రాయడం మొదలుపెట్టకముందే వెళ్లి ఫారాలు తెచ్చుకోవడం మంచిది. గడువు రెండింతలు అనుకుని, పైన, కుట్టు దగ్గర జాగా వదిలి రాయించండి. వెన్ను మీద ఒత్తులున్న పేరు వేయించాలంటే ఆ అచ్చు అక్షరాలు ఉన్నాయో లేదో ముందే అడగండి. మా అమ్మాయి పోయిన వారం మరో పది ఫారాలు తెచ్చుకుంది.