మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చిన్న మెషీన్ లెర్నింగ్ పరికరాలు: కొన్ని సీజన్లు వాడాక

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో యంత్రాల నిర్వహణ చూస్తాను. మోటారు కంపనాన్ని బట్టి లోపాన్ని ముందే పసిగట్టే చిన్న పరికరాలను కొన్ని సీజన్లుగా వాడుతున్నాం. కొనవచ్చా అని అడిగేవారికి నా జవాబు: కొనండి, కానీ ఏ మోటారుకు బిగించాలో ముందు తేల్చుకోండి.

తోతాపురి కాయ జూన్, జులైలలో ముంచుకొస్తుంది. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా ఒక్క పంపు ఆగినా కాయ ఎండలో మెత్తబడుతుంది. ఆ నష్టం ఫ్యాక్టరీతో ఆగదు, రైతు మీదా పడుతుంది.

పరికరంలోని సెన్సార్ సెకనుకు 3,200 సార్లు, మూడు దిశల్లో కంపనాన్ని కొలుస్తుంది. ఒక్కో కొలతకు 2 బైట్ల చొప్పున సెకనుకు 19,200 బైట్లు. రేకుల షెడ్డులో మాకు దొరికే నెట్‌తో ఇంత డేటాను బయటికి పంపడం కుదరదు. అందుకే లెక్కంతా లోపలి చిప్ మీదే జరుగుతుంది, ఫలితం మాత్రమే ఫోనుకు వస్తుంది. కంపనంలో తేడాను పట్టే లెక్కల నమూనా, అంటే మోడల్‌లోని 32 బిట్ల సంఖ్యలను 8 బిట్లకు కుదించడంతో పరిమాణం దాదాపు నాలుగో వంతుకు తగ్గి, ఆ చిప్‌లో ఇమిడింది. మోటారు బాగున్నప్పటి కంపనం ఎలా ఉంటుందో అది నేర్చుకుంటుంది. ఆ తీరుకు దూరం జరిగితే హెచ్చరిస్తుంది.

చల్లటి నీటి పంపు దగ్గర దీని విలువ తెలిసింది. చేయి పెట్టి చూసినా, చెవి పెట్టి విన్నా మా ఫిట్టర్‌కు తేడా అందలేదు. హెచ్చరిక మాత్రం రోజురోజుకూ పెరిగింది. రాత్రి లైన్ కడిగే సమయంలో విప్పితే 6308 నంబరు బేరింగు బయటి రింగులో గుంటలు పడి ఉన్నాయి. కొత్తది వేసి తెల్లవారేసరికి పంపు తిప్పాం. కాయ ఆగలేదు. ఆ ఉదయం నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు!

టెంకలు తీసే యంత్రం మీద మాత్రం ఇది తేలిపోయింది. టెంకలు లోపల కొట్టుకుంటుంటే ఆ దెబ్బలనే లోపమనుకుని పదేపదే హెచ్చరించింది. వీఎఫ్‌డీ అనే వేగ నియంత్రణ పరికరంతో వేగం మారే మోటార్లలోనూ ఇదే చిక్కు: వేగంతో పాటు కంపనాల పౌనఃపున్యాలూ మారతాయి, వేర్వేరు వేగాల్లో నేర్పకపోతే మోడల్ తికమకపడుతుంది. బేరింగు మార్చినా, సీజన్ ముగిశాక ఓవర్‌హాల్ చేసినా మళ్లీ నేర్పించాల్సిందే.

అమ్మకందారు చెప్పినట్టు ‘ఇన్ని రోజుల్లో చెడిపోతుంది’ అని ఇది చెప్పదు. అలా చెప్పాలంటే చెడిపోయిన మోటార్ల డేటా బోలెడు కావాలి, ఏ చిన్న ఫ్యాక్టరీ దగ్గరా అది ఉండదు. ఈ మాట అమ్మేముందే చెప్పాలి.

బిగింపు మీద శ్రద్ధ పెట్టండి. రెండువైపులా అంటే టేపు ఎక్కువ పౌనఃపున్యపు కంపనాన్ని మింగేస్తుంది, బేరింగు లోపం తొలి ఆనవాళ్లు కనిపించేది ఆ కంపనంలోనే. పెయింటు గీకి, బేరింగు హౌసింగ్‌కు ఎపాక్సీతో అతికించాలి, లేదా స్టడ్‌తో బిగించాలి. గొట్టాలతో కడిగే చోట నీరు చొరబడని పెట్టె తప్పనిసరి.

రోజంతా ఒకే వేగంతో తిరిగే పంపులు, కంప్రెసర్లు, ఫ్యాన్లు ఉన్నవారు ధైర్యంగా కొనవచ్చు. టెంకల యంత్రం మీదిది తీసి, ఈసారి బాయిలర్ పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్‌కు బిగిస్తున్నాం.