నల్లగొండ పెరట్లో ‘బీ హోటల్’: పెట్టె కన్నా వెదురే మేలు

ఒంటరి తేనెటీగలను పెరట్లోకి రప్పిస్తుందని చెప్పి ఆన్‌లైన్‌లో ‘బీ హోటల్’ పేరుతో అమ్ముతున్న చెక్క పెట్టె ఒకదాన్ని శివరాత్రికి ముందు తెప్పించి, నల్లగొండలోని మా ఇంటి పెరటి గోడకు బిగించాను. ధర వెయ్యి రూపాయలకు కాస్త తక్కువ. ఈ జాతి ఈగలు తుట్టె కట్టవు, తేనె కూడబెట్టవు; ప్రతి ఆడ ఈగా తన గూడును తానే సిద్ధం చేసుకుని, పుప్పొడి ముద్ద మీద గుడ్డు పెట్టి, మూసేసి వెళ్లిపోతుంది. కాపాడుకోవలసిన తుట్టె లేదు గనుక మనుషుల మీదికి రావడం చాలా అరుదు.

పెట్టె చూడటానికి ముచ్చటగానే ఉంది. పై అరలో పైన్ కాయలు నింపారు, మధ్య అరలో సీతాకోకచిలుకల కోసమంటూ నిలువు చీలికలు పెట్టారు, కింది అరలో వెదురు గొట్టాలు పేర్చారు. చీలికల వైపు ఒక్క సీతాకోకచిలుక కూడా తొంగిచూడలేదు, పైన్ కాయల అర సాలీళ్ల పాలైంది. పనికొచ్చే వెదురు అరలోనూ గొట్టాలు రెండు వైపులా తెరిచే ఉన్నాయి, అంచులు పేళ్లు లేచి ఉన్నాయి, లోతు అరచేతి వెడల్పుకు మించదు. ఈ లోతు సంగతి చిన్నది కాదు. తల్లి ఈగ ఆడపిల్లలయ్యే గుడ్లను గొట్టం లోపలి చివరన, మగపిల్లలయ్యే గుడ్లను మూతి దగ్గర పెడుతుంది; కాబట్టి గొట్టం పొట్టిదైతే పుట్టేవి ఎక్కువగా మగ ఈగలే. 15 సెంటీమీటర్ల లోతు, 10 మిల్లీమీటర్లకు మించని రంధ్రం, మూసి ఉన్న వెనుక భాగం ఉండాలన్నది దీని తయారీలో మొదటి పాఠం.

పెట్టెతో వచ్చిన సూచనల కాగితమైతే యూరప్ తోటల కోసం రాసినట్టుంది. దక్షిణ ముఖంగా, రోజంతా ఎండ తగిలేలా పెట్టమంటుంది. అక్కడి చలి వసంతానికి అది సరిపోతుందేమో గాని, ఏప్రిల్‌కే 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ పని చేస్తే లోపలి పిల్లలు మాడిపోతాయి. తూర్పు ముఖంగా చూరు కింద, పొద్దుటి ఎండ మాత్రమే పడేచోట బిగిస్తే సరిపోతుంది.

ఇన్ని లోపాలున్నా అతిథులు వచ్చిన మాట నిజం. ఉగాది దగ్గరపడుతుండగా గులాబీ ఆకుల అంచులు కత్తెర పెట్టినంత నున్నగా, గుండ్రంగా కోసుకుపోయి కనిపించాయి. పురుగు పట్టిందని మందు కొట్టకుండా కాసేపు నిలబడితే ఆ పని చేసేదెవరో తెలుస్తుంది. ఆకులు కోసే ఈగ అంచును కాళ్లతో పట్టుకుని, దవడలతో చుట్టూ కోసుకొచ్చి, ముక్క తెగే క్షణంలో దానితోపాటే కిందికి జారి, ఆ వెంటనే రెక్కలు విప్పి, ముక్కను పొట్ట కిందికి అదుముకుని నేరుగా గొట్టంలోకి దూరుతుంది. ఆకు లేకుండా వచ్చినప్పుడు దాని పొట్ట అడుగున పసుపుపచ్చని పుప్పొడి అంటి ఉంటుంది. తుట్టె ఈగలు పుప్పొడిని వెనుక కాళ్లకు ముద్దగా అంటించుకుంటాయి కాబట్టి రెంటినీ వేరుగా గుర్తుపట్టడానికి ఇదే తేలిక దారి. మూసిన గొట్టాలు కూడా మాట్లాడతాయి: మూతికి ఆకు ముక్కలుంటే ఈ ఈగదే, మట్టి మెత్తి ఉంటే చాలావరకు కందిరీగది. ఆ కందిరీగల్లో కొన్ని తమ పిల్లలకు గొంగళిపురుగులను తెచ్చి పెడతాయి గనుక వాటిని తరిమేయనక్కరలేదు.

అమ్మకందారు చెప్పని సంగతి మరొకటి ఉంది. లోకంలోని తేనెటీగ జాతులు 20,000కు పైనే, వాటిలో సుమారు 70 శాతం నేలలో గూడు చేసుకునేవే. తులసి పూల మీద ఆగి ఆగి ఎగిరే నీలిపట్టీల ఈగ అలాంటిదే. వంగ, టమాటా పూలను ఒళ్లు అదిరేలా గుయ్యిమని కుదిపి పుప్పొడి రాలుస్తుంది, తుట్టె ఈగలకు ఆ విద్య లేదు. దానికి కావలసింది గోడవారన తవ్వని, సిమెంటు చేయని జానెడు మట్టి. మునగ పూల చుట్టూ తిరిగే నల్ల తుమ్మెద కూడా ఒంటరిదే, అది ఎండు కర్రను తానే తొలుచుకుంటుంది. వీటికి ఈ పెట్టెతో పనే లేదు.

ఐదుకు రెండు మార్కులు ఇస్తాను, అవీ వెదురు అరకే. కొత్తగా కొనేవారు ఆగి, మేదరి వారి దగ్గర సన్నని వెదురు తీసుకుని, ఒక వైపు కణుపు ఉండేలా కోయించి, మూతులు గరుకు కాగితంతో రుద్ది, కట్టగా కట్టి చూరు కింద బిగిస్తే పెట్టెతో పోలిస్తే లెక్కలోకి రాని ఖర్చుతో పని జరుగుతుంది. ఇప్పటికే కొన్నవారు పైన్ కాయలను పారేసి, లోతు సరిపోకపోతే ముందుకు పొడుచుకొచ్చినా సరే, ఆ అరలో ఇవే ముక్కలు బిగించుకోవచ్చు; పిల్లలు బయటికి వచ్చేశాక పాత గొట్టాలు తీసి కొత్తవి పెడితే బూజు, సన్న నల్లులు (మైట్లు) చేరవు.