బందరులో నాలుగు రోజులు, ఒక పాత సైకిలు

బందరులో, అంటే మచిలీపట్నంలో, పుట్టి పెరిగినవాడినే అయినా, ఆ ఊరిని సైకిలు మీద నింపాదిగా చూసింది మాత్రం ఈ మే నెలలోనే. చిన్నప్పుడు సైకిలు తొక్కింది బడికీ, ట్యూషనుకూ, వెచ్చాల కొట్టుకూ. ఆ దారుల్లో ఆగి చూడవలసింది ఏదైనా ఉంటుందని అప్పట్లో తోచలేదు. ఈడేపల్లిలోని మా ఇల్లు అమ్మి పన్నెండేళ్లయింది. అందుచేత ఈసారి సొంత ఊళ్లోనే లాడ్జిలో గది తీసుకొని, మేనమామగారింట్లో మూలపడిన నల్ల సైకిలును బాగు చేయించి, ఎక్కడికీ వేళకు చేరవలసిన అవసరం లేకుండా నాలుగు రోజులు తిరిగాను.

బందరును సముద్రతీర పట్టణమని అందరమూ చెప్పుకుంటాము. ‘బందరు’ అన్న పారసీ మాటకు అర్థమే రేవు. గోల్కొండ నవాబుల కాలంలో కలంకారీ బట్టలు పర్షియాకు ఓడలెక్కింది ఇక్కడి నుండే. అయినా ఊళ్లో ఏ వీధి చివర నిలబడినా సముద్రం కనిపించదు. మంగినపూడి తీరం ఊరికి దాదాపు 11 కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సులోనో ఆటోలోనో వెళ్లేవారికి ఆ దూరం లెక్కలోకి రాదు. సైకిలు మీద వెళ్లినవారికి మాత్రం ఊరు ఎక్కడ అయిపోతుందో, చేలు ఎక్కడ మొదలవుతాయో, మట్టి రంగు ఎక్కడ మారుతుందో, గాలిలో ఉప్పు వాసన ఎక్కడ తగులుతుందో కాళ్లకే తెలుస్తుంది.

ముందు బస సంగతి. మొదటి రోజు బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జిలో దిగాను. ఏసీ గదికి పదకొండు వందలు తీసుకున్నారు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, నీళ్లకు లోటు లేదు. కాని కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద ఫ్యాను, ఒక దీపం తప్ప మరేమీ పనిచేయవన్న ముక్క గదిలోకి వెళ్లిన తరువాత గాని చెప్పలేదు. దానికంటె పెద్ద చిక్కు తెల్లవారుజామున ఎదురైంది. వేసవిలో సైకిలు తొక్కదలచినవాడు ఐదింటికి ముందే రోడ్డెక్కాలి. నేను నాలుగున్నరకు కిందికి దిగేసరికి గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న కుర్రవాడు ఎక్కడ పడుకున్నాడో ఎవరికీ తెలియదు. అరగంట అక్కడే పోయింది. మరునాడు కోనేరు సెంటరు దాటిన తరువాత ఒక సందులో ఉన్న చిన్న లాడ్జికి మారాను. గది ఇరుకు, కిటికీ తీస్తే పక్కింటి గోడ. కాని రాత్రంతా మేలుకొని ఉండే పెద్దాయన ఒకరు కాపలా ఉంటారు, సైకిలును మెట్ల కింద పెట్టుకోనిచ్చారు, అద్దె కూడా రెండు వందలు తక్కువ. ఈ ఊళ్లో గది తీసుకునేవారు ఏసీ ఉందా అని అడగడానికి ముందు గేటు ఎన్నింటికి తీస్తారో అడగడం మంచిదని నా అభిప్రాయం.

మొదటి రోజు ఊరు దాటలేదు. పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం అన్న పేర్లు బందరు పిల్లలకు బస్సు స్టాపుల పేర్లు మాత్రమే. పరాసులంటే ఫ్రెంచివారనీ, వలందులంటే హాలండు నుండి వచ్చిన డచ్చివారనీ నాకు కాలేజీకి వెళ్లేదాకా తెలియదు. డచ్చివారు పదిహేడో శతాబ్దం మొదట్లోనే ఇక్కడ కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టారు. ఇంగ్లీషువారి ఓడ 1611లో వచ్చింది. ఫ్రెంచివారు ఆ తరువాత వచ్చారు. ఒకరి గొంతు ఒకరు పట్టుకున్న ఈ మూడు జాతుల పేటలనూ తీరిగ్గా, నడుమ టీ తాగడానికి ఆగి కూడా, గంటన్నరలో చుట్టిరావచ్చు.

డచ్చివారి సమాధుల దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాను. నల్లరాతి పలకల మీద ఎత్తుగా చెక్కిన అక్షరాలు, వంశచిహ్నాలు, పూలతీగలు ఇప్పటికీ వేలితో తడిమితే స్పష్టంగా తెలుస్తాయి. ఇది పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న స్థలం. అయితే ఎవరి సమాధి ఏదో, ఆ మనిషి ఇక్కడికి ఏం పని మీద వచ్చాడో తెలుగులో చెప్పే ఫలకం నాకు ఎక్కడా కనిపించలేదు. ఒక్క పెద్ద ఫలకం పెట్టినా ఎండలో ఇంతదూరం వచ్చినవారికి గిట్టుబాటవుతుంది.

సాయంత్రం ఎండ వాలిన తరువాత బందరుకోట వైపు వెళ్లాను. కోట అనగానే గోల్కొండనో కొండపల్లినో ఊహించుకొని వెళ్లేవారికి ఆశాభంగం తప్పదు. పల్లపు నేల, తుమ్మ పొదలు, వాటి మధ్య పాత ఆయుధాగారం, కొన్ని శిథిల కట్టడాలు, మిగిలింది అంతే. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువారి కర్నల్ ఫోర్డు సేన రాత్రివేళ దాడి చేసి ఫ్రెంచివారి నుండి ఈ కోటను పట్టుకుంది. చుట్టూ ఉన్న బురదనేలే తమకు రక్ష అని లోపలివారు నమ్ముకున్నారు. దాడికి వచ్చినవారిలో ఒక పటాలం ఆ బురదలోనే దిగబడుతూ నడిచి వచ్చింది. సైకిలు దిగి ఆ నేల మీద నాలుగడుగులు వేస్తే ఆ కథ పుస్తకంలో చదివినదానికంటె బాగా అర్థమవుతుంది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది చనిపోయారు. నేల ఇంత పల్లంగా, సముద్రానికి ఇంత సమానంగా ఉందన్నది ఆ దారిన తొక్కినప్పుడు తెలిసింది. ఎక్కడా ఒక్క ఎగుడు లేదు, కాళ్లకు శ్రమ లేదు. సైకిలువాడికి సుఖమైన ఆ చదును నేలే ఆనాడు నీటికి అడ్డులేని దారి అయింది.

రెండో రోజు ఉదయం గిలకలదిండి హార్బరుకు వెళ్లాను. అక్కడ చేపల వేలం చూడాలన్నది నా కోరిక. కాని తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మరపడవల వేట నిషేధమన్న సంగతి మరచిపోయాను. చేపలు గుడ్లుపెట్టే కాలం గనుక ఆ నిషేధం. బోట్లన్నీ ఒకదానినొకటి ఒరుసుకొని కాలువ పొడవునా కట్టి ఉన్నాయి. కొన్నింటికి రంగులు వేస్తున్నారు, కొన్నింటి ఇంజన్లు విప్పి పెట్టారు, పాకల నీడలో పదిమంది వలలు అల్లుతున్నారు. వేలం లేకపోయినా ఇదే మేలనిపించింది, ఎందుకంటే వేట రోజుల్లో అయితే అక్కడ మాటాడేందుకు ఎవరికీ తీరిక ఉండదు. వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన నా సైకిలు చూసి, ‘ఏం బాబూ, పెట్రోలు ధర మీద అలిగారా?’ అని నవ్వాడు. వేసవిలో బందరుకు వచ్చి హోటల్లో చందువా, వంజరం అడిగేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి: ఆ రెండు నెలలు పళ్లెంలోకి వచ్చేది చిన్న పడవలవారు తెచ్చినదో, చెరువు చేపో, మంచులో పెట్టినదో అయి ఉంటుంది. నేను మధ్యాహ్నం తిన్న మెస్సులో వడ్డించినాయన ఈ సంగతి దాచకుండా చెప్పి, రొయ్యల వేపుడు తీసుకోమన్నాడు. చెరువు రొయ్యలే అయినా వేపుడు బాగుంది. పప్పుచారు అంతకంటె బాగుంది.

మూడో రోజు మంగినపూడి. ఈ యాత్రకు ప్రాణం ఈ దారే గనుక దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. తీరప్రాంతంలో తెల్లవారుజామున గాలి నేల మీది నుండి సముద్రం వైపు వీస్తుంది. ఎండకు నేల బాగా కాగిన తరువాత తిరిగి సముద్రం నుండి ఊరి వైపు వీస్తుంది. అందుచేత పెందలాడే బయలుదేరి, సముద్రగాలి తిరిగిన తరువాత వెనక్కు వచ్చేవాడికి రెండుసార్లూ గాలి వీపున ఉంటుంది. పడమటి వడగాలి బలంగా ఉన్న రోజుల్లో మాత్రం ఈ సముద్రగాలి ఆలస్యమవుతుంది. నా అదృష్టం కొద్దీ ఆ రోజు వేళకే తిరిగింది.

చిలకలపూడి చేరేసరికి పాండురంగస్వామి గుడి తలుపులు తీసి ఉన్నాయి. భక్త నరసింహంగారు పూనుకొని కట్టించిన ఈ ఆలయం 1929 నాటిది. పండరీపురంలో వలె ఇక్కడ కూడా స్వామి పాదాలకు మనమే తల ఆనించి మొక్కవచ్చు. పండుగ రోజు కాకపోవడం వల్ల ప్రాంగణంలో నలుగురైదుగురే ఉన్నారు. చెప్పులు, సైకిలు చూసుకోవడానికి ఎవరికీ రూపాయి ఇవ్వవలసిన పని కలగలేదు. గుడి దాటితే గిల్టు నగల పనివాళ్ల ఇళ్లు. మాయమాటలను, మెరిసేదంతా బంగారం కాని సరుకును తెలుగువారంతా ‘చిలకలపూడి బంగారం’ అని ఎగతాళి చేస్తారు గాని, ఆ ఎగతాళి వెనుక ఎన్ని చేతుల నైపుణ్యం ఉందో ఆ వీధుల్లో ఒక అరుగు మీద కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. పొద్దున్న ఆరింటికే గాజుల అచ్చుల దగ్గర ఆడవాళ్లు పనిలో కూర్చున్నారు.

ఆ తరువాత ఊరు వెనుకబడుతుంది. రెండు పక్కలా కోతలు అయిపోయిన పొలాలు, తాటిచెట్లు, రొయ్యల చెరువులు. ఒక తాటితోపు దగ్గర ముంజలు కొడుతున్నారు. పది రూపాయలకు మూడు ముంజలు బేరమాడి, గట్టు మీద కూర్చొని డజను తిన్నాను. చద్దన్నం తిన్నట్టు కడుపు చల్లబడింది. ఇంతవరకు దారి సుఖమే. 2023లో మొదలైన కొత్త ఓడరేవు పనుల లారీలు తగిలే చోట మాత్రం దుమ్ము, హోరు, అంచులు తెగిన తారు. సైకిలువాడు ఎడమవైపు మట్టి మీదికి దిగక తప్పదు. ఆ మట్టిలో సర్కారు తుమ్మ ముళ్లు ఉంటాయి. నా వెనుక చక్రం అక్కడే కూర్చుంది. రెండు కిలోమీటర్లు నడిపించుకొని వెళితే ఒక చెట్టుకింద పంక్చర్లు వేసే అతను దొరికాడు. ట్యూబు నీళ్లలో ముంచి చూసి, ‘ఒకటి కాదండీ, నాలుగు’ అన్నాడు. నలభై రూపాయలు తీసుకొని, టైరు లోపలంతా గుడ్డతో తడిమి, విరిగి ఉన్న ముల్లును కూడా తీసి చేతిలో పెట్టాడు. ఈ ప్రయాణం మొత్తంలో నేను డబ్బిచ్చి పొందిన సేవల్లో అంత శ్రద్ధగా చేసినది మరొకటి లేదు.

మంగినపూడి ఇసుక తెల్లగా ఉండదు. కృష్ణమ్మ తెచ్చిన నల్లమట్టి అది. ఫొటోల కోసం వచ్చేవారు ఇక్కడ మొహం చిట్లిస్తారు. కాని నీరు చాలా దూరం వరకు మోకాలి లోతు దాటదు, నేల నెమ్మదిగా వాలుతుంది, అందుచేత పిల్లలతో వచ్చేవారికి, ఈత రానివారికి ఇది కొంత నెమ్మదైన తీరం. మాఘ, కార్తీక పౌర్ణములకు జనం ఇక్కడికే స్నానాలకు వస్తారు. దగ్గరలోనే దత్తాశ్రమం, శివాలయం, పన్నెండు బావులు ఉన్నాయి. ఒక్కో బావి నీరు ఒక్కో రుచి అంటారు. నేను రెండింటిలో తాగి చూశాను, ఒకటి నిజంగానే తియ్యగా ఉంది. సౌకర్యాల సంగతికి వస్తే, బట్టలు మార్చుకునే గదులకు గొళ్లేలు లేవు, మంచినీటి కుళాయి ఒకటే పనిచేస్తోంది, తొమ్మిది దాటిన తరువాత నీడ వెతుక్కోవలసి వచ్చింది. సరుగుడు చెట్ల కింద తువ్వాలు పరచుకొని పడుకొన్నాను. ఆదివారమైతే ఆ నీడ కూడా దొరకదు. వారం మధ్యలో వెళ్లడం మేలు. తీరంలో రాత్రి బస చేయాలన్న ఆలోచన మానుకొని ఊళ్లోనే ఉండి, తెల్లవారుజామున వెళ్లి రావడమే నేను సిఫారసు చేస్తాను.

నాలుగో రోజు పెడన. గుడివాడ దారిలో సుమారు పది కిలోమీటర్లు. కలంకారీని శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుపతుప్పు, బెల్లం పులియబెట్టి చేసిన నల్లరంగు అచ్చు పడగానే గోధుమ రంగుగా కనిపించి, చూస్తుండగానే నల్లబడింది. కార్ఖానావారు లోపలికి రానిచ్చి, ఫొటోలు తీసుకోనిచ్చి, కొనమని ఒక్కమాట కూడా అనలేదు. బహుశా అందుకే రెండు దుప్పట్లు కొన్నాను. సైకిలు క్యారియరుకు కట్టుకొని తిరిగి వచ్చేసరికి పదకొండయింది. ఆ చివరి నాలుగు కిలోమీటర్లు మాత్రం తెలివితక్కువ పని. ఎండ తలకెక్కి, రోడ్డు పక్క పంపు కింద తల పెట్టుకోవలసి వచ్చింది.

సాయంత్రం లడ్డూలు కొన్నాను. శనగపిండిని నేతిలో పూసగా వేయించి, రోటిలో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ నెయ్యి పోసి తొక్కితే తయారయ్యేది తొక్కుడు లడ్డు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెద్ద వీధిలో అద్దాల దుకాణంలో కొన్నది నాలుకకు పలుకు తగిలింది. కోనేరు సెంటరు వెనుక చిన్న కొట్టులో కొన్నది వేళ్ల మధ్య పెడితే వెన్నలా విరిగింది. ధర రెండుచోట్లా ఒకటే. రెండో కొట్టులో కిలో అదనంగా కట్టించుకొని మామయ్యగారింటికి వెళ్లి, సైకిలు అప్పగించాను. ఆయన వెనుక చక్రం నొక్కి చూసి, ‘ట్యూబు కొత్తది వేయించావేమిట్రా?’ అన్నారు. కాదు మామయ్యా, నాలుగు అతుకులున్న పాతదే అన్నాను.