పాత పెన్షనా, సీపీఎసా, గ్యారంటీ పెన్షనా? మా ఇంట్లో మూడు లెక్కలు

పోయిన వారం మా సంఘం వాళ్లు బడికొచ్చి తలా ఒక కాగితం ఇచ్చిపోయారు. పాత పెన్షన్, సీపీఎస్ (జీతంలో కోసి కూడబెట్టిన నిధి నుంచి వచ్చే పెన్షన్), గ్యారంటీ పెన్షన్, ఈ మూడింటిలో ఏది కావాలో టిక్కు పెట్టి, కింద కారణం రాయమన్నారు. అందరివీ కూడేసి ప్రభుత్వానికి ఇస్తారట. స్టాఫ్ రూములో ఎక్కువమంది నిలబడే పాత పెన్షన్‌కు టిక్కు పెట్టేశారు. నేను మాత్రం కాగితం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. కావలిలో మా కుటుంబంలో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. అన్నయ్యది పాత పెన్షన్, నాది సీపీఎస్, బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం చేసే మేనల్లుడిది కేంద్రం వాళ్ల ఎన్పీఎస్, అదీ సీపీఎస్ లాంటిదే. వాళ్లతో మాట్లాడకుండా రాయడం నాకు సరిగా అనిపించలేదు.

అన్నయ్య 1989లో టీచరుగా చేరి 2025లో రిటైరయ్యాడు. ఆయన లెక్క చిన్నపిల్లలకు కూడా చెప్పొచ్చు. ఆఖరి మూల వేతనంలో సగం పెన్షన్. మూల వేతనం 80,000 అనుకుంటే 40,000, దాని మీద కరువు భత్యం. ధరలు పెరిగి భత్యం పెంచితే పెన్షనూ పెరుగుతుంది. సర్వీసులో ఉండగా పెన్షన్ కోసమని జీతంలో పైసా కోయలేదు. జీపీఎఫ్ అనే పొదుపు నిధిలో దాచుకున్నది వేరు, గ్రాట్యుటీ వేరు. పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసి ఒకేసారి తీసుకుని కూతురి పెళ్లి అప్పు తీర్చేశాడు. ఆ తగ్గిన భాగం 15 ఏళ్లకు మళ్లీ కలుస్తుంది. "ఒకటో తారీఖు వస్తే నాకు టెన్షన్ లేదురా, నేను పోయినా మీ వదినకు కొంత వస్తుంది" అంటాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఉండే నిమ్మళం నాకెప్పుడూ కొత్తగానే ఉంటుంది.

నేను 2010లో చేరాను. రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన వాళ్లందరికీ సీపీఎసే. మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో 10 శాతం నా జీతంలో కోస్తారు, ప్రభుత్వం ఇంకో 10 శాతం వేస్తుంది. అదంతా నా ప్రాన్ (పెన్షన్ నంబరు) ఖాతాలో చేరి మార్కెట్‌లోకి పోతుంది. రిటైరైన రోజున 60 శాతం వరకు చేతికి తీసుకోవచ్చు, పన్ను లేదు. మిగతా 40 శాతంతో బీమా సంస్థ దగ్గర యాన్యుటీ కొనాలి, నెలనెలా వచ్చేది అదే. ఖాతాలో 50 లక్షలు చేరాయనుకుందాం. 20 లక్షలు యాన్యుటీకి పోతే, 6 శాతం చొప్పున నెలకు 10,000. చేతికొచ్చిన 30 లక్షలు కదిలించకుండా అదే వడ్డీకి వేస్తే ఇంకో 15,000. మొత్తం 25,000. కానీ పిల్లల చదువు, పెళ్లి, ఇల్లు దాటుకుని 30 లక్షలు కదలకుండా ఉన్న ఇల్లు నేను చూడలేదు. యాన్యుటీకి కరువు భత్యం కూడా ఉండదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకు ఆ పదివేలు అయిదువేల సరుకే తెస్తాయి. 62 ఏళ్లకు దిగిన మనిషికి 74 వచ్చేసరికి మందుల ఖర్చు పెరిగి ఉంటుంది, డబ్బు విలువ సగమై ఉంటుంది.

ఇంకో సంగతి, నాకు జరిగింది. ఒక ఏడాది మూడు నెలల కోత నా ఖాతాలో పడలేదు. జీతం బిల్లులో కోసినట్టు ఉంది, ప్రాన్‌లో లేదు. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఏడు నెలలకు సర్దించుకున్నాను. ఆ ఏడు నెలలు ఆ డబ్బుకు రావలసిన పెరుగుదల ఎవరు ఇస్తారని అడిగితే జవాబు లేదు. సీపీఎస్‌లో మార్కెట్ పడినా నష్టం నాదే, ఆఫీసు మరిచినా నష్టం నాదే. నా అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. ముసలితనంలో వచ్చే ఒడిదుడుకు మొత్తం ఒక్క మనిషి నెత్తిన పెట్టడం తప్పు.

మూడోది గ్యారంటీ పద్ధతి. 2019 ఎన్నికల ముందు సీపీఎస్ రద్దు చేస్తామన్న హామీ విన్నాం. రద్దు రాలేదు, దాని బదులు 2023లో మన ఆంధ్రప్రదేశ్‌లో జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) చట్టం వచ్చింది. మన 10 శాతం కోత అలాగే ఉంటుంది, వచ్చే పెన్షన్ ఆఖరి మూల వేతనంలో సగానికి తగ్గితే ఆ లోటు ప్రభుత్వం పూడుస్తుంది, కరువు భత్యం ఉంటుంది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (ఏకీకృత పెన్షన్) తెచ్చింది. అది కూడా ఇలాంటిదే. 25 ఏళ్ల సర్వీసు ఉంటే ఆఖరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం. పదేళ్లు దాటితే కనీసం 10,000. మనిషి పోతే భార్యకో భర్తకో అందులో 60 శాతం. అయితే ఇన్నేళ్లు కోసిన నిధి మన చేతికి రాదు. అందులోంచి తీసుకుంటే ఆ మేరకు పెన్షన్ తగ్గుతుంది.

మేనల్లుడు యూపీఎస్‌కు మారలేదు. నేను కోప్పడితే, "మామా, పాతికేళ్లు ఇదే ఉద్యోగంలో ఉంటానని నేనెట్లా చెప్పేది? ఎన్పీఎస్ అయితే ఎక్కడికి పోయినా నా ఖాతా నాతోనే వస్తుంది" అన్నాడు. వాడికి కేంద్రం వేసేది 14 శాతం, నాకు రాష్ట్రం వేసేది 10. వాడి వయసు 28. ఆ వయసులో వాడి మాట తప్పనలేను.

చేరిన తేదీనే మన ముసలితనాన్ని తేల్చేస్తుందన్నది నన్ను ఎక్కువ బాధపెట్టేది. మా బడిలో ఒక మేడమ్ ఉన్నారు, 2003 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష). నోటిఫికేషన్ వచ్చింది 2003లో, ఉద్యోగం చేతికొచ్చింది 2005లో. ఆలస్యం చేసింది ప్రభుత్వం, సీపీఎస్‌లో పడింది ఆమె. 2003 డిసెంబర్ 22కు ముందు నోటిఫికేషన్ వచ్చిన ఉద్యోగాల వాళ్లకు కేంద్రం 2023 మార్చిలో పాత పెన్షన్ కోరుకునే అవకాశం ఇచ్చింది. అదే న్యాయం మా మేడమ్‌కూ చెయ్యాలి.

గ్యారంటీ పద్ధతిలోనూ ఇదే చిక్కు. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ డీఎస్సీ నియామకాలు జరిగింది 2025లోనే, వయసు పరిమితి 44. 44 ఏళ్లకు చేరి 62కు దిగితే 18 ఏళ్లే సర్వీసు. పాతికేళ్ల లెక్క పెడితే సగం కాదు, 36 శాతమే. పాత పెన్షన్‌లో కూడా పూర్తి పెన్షన్‌కు 33 ఏళ్ల లెక్క ఉంది కాబట్టి ఆలస్యంగా చేరిన వాళ్లకు అక్కడా కోతే. పాత పెన్షన్ వస్తే చాలు అందరికీ సగం జీతం వస్తుందని కళ్లు మూసుకుని టిక్కు పెట్టే కొత్త టీచర్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

ఆ సాయంత్రం అరుగు మీద ఇవన్నీ మాట్లాడుకుంటుంటే పక్కింటి పెద్దమ్మ విన్నది. ఒకప్పుడు నాట్లకూ కలుపులకూ పోయిన మనిషి. ఆమెకు నెలకు వచ్చేది ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పెన్షన్ 4,000. "మీకు సగం జీతం చాలదా నాయనా?" అంది. ఎత్తిపొడుపు కాదు, తెలుసుకుందామనే అడిగింది. చాలా సేపు నాకు జవాబు దొరకలేదు. పాత పెన్షన్ ఖజానాలోంచి వస్తుంది, ఖజానాలో ఆమె కొనే సబ్బూ నూనెల మీది పన్ను కూడా ఉంది. రాష్ట్రాలన్నీ పాత పెన్షన్‌కు మళ్లితే మొత్తం భారం ఎన్పీఎస్ కంటే నాలుగున్నర రెట్ల దాకా పోవచ్చని రిజర్వు బ్యాంకు అధ్యయనం 2023లో లెక్కగట్టింది. ఆ లెక్కను సంఘాలు ఒప్పుకోవు, నేనూ అంతా ఒప్పుకోను. కానీ పెన్షన్ మీద అభిప్రాయం అడిగేటప్పుడు ఉద్యోగులనే అడిగి, పెద్దమ్మను అడగకపోవడం మాత్రం సరి కాదు.

నన్నడిగితే, అన్నయ్యలా చిన్న వయసులో చేరి జీవితమంతా అదే ఉద్యోగం చేసిన వాళ్లకు పాత పెన్షన్‌ను మించింది లేదు. అది కుదరదంటే సీపీఎస్ కంటే గ్యారంటీ పెన్షన్ చాలా నయం. కాకపోతే ఇన్నేళ్ల కోతలో కొంతైనా చేతికివ్వాలి, ప్రభుత్వం ఆలస్యంగా ఉద్యోగం ఇచ్చిన వాళ్లకు పాతికేళ్ల లెక్క సడలించాలి. సీపీఎస్ మేలయ్యేది మా మేనల్లుడి లాంటి వాళ్లకే, మధ్యలో మారిపోయే వాళ్లకు.

కాగితం మీద నేను టిక్కు పెట్టలేదు. కారణం రాయమన్న చోట ఇలా రాశాను: "ప్రతి ఉద్యోగికీ వాళ్ల సర్వీసు ప్రకారం మూడు పద్ధతుల్లో ఎంతెంత వస్తుందో లెక్క రాసి చేతికివ్వండి. ఆరు నెలలు గడువిచ్చి కోరుకోనివ్వండి. 2003 డీఎస్సీ వాళ్ల పని ముందు తేల్చండి. గ్రామసభలో కూడా ఈ మాట పెట్టండి." వెనక వైపు పెద్దమ్మ అడిగిన ప్రశ్న కూడా ఉన్నదున్నట్టు రాశాను. సోమవారం బడికి పోయి ఇచ్చేస్తాను.