పొయ్యి దగ్గర కాటన్ చెఫ్ కోటు: ఏళ్లు వాడాక

హైదరాబాద్‌లో బిర్యానీ, తందూర్ రెండూ నడిచే కిచెన్‌లో ఏళ్లుగా వాడుతున్న కోటు ఇది. అచ్చంగా కాటన్ డ్రిల్ (ఏటవాలు నేతతో గట్టిగా ఉండే బట్ట), 220 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 220 గ్రాముల బరువు), ఫుల్ చేతులు, ఛాతీ మీద రెండు పొరలు, ముందు టిచ్ బటన్లు. దీని పక్కనే నూటికి 65 పాళ్లు పాలిస్టర్ ఉన్న పాలీ కాటన్ కోట్లూ వాడాం. నలగకపోవడంలో, తొందరగా ఆరడంలో, ధరలో పాలీ కాటన్‌దే పైచేయి. అయినా నిప్పు దగ్గర నిలబడేవాళ్లకు కాటనే కొనమంటాను.

పాలిస్టర్ దాదాపు 250–260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తందూర్ లోపలి గోడ 400 డిగ్రీలు దాటగలదు. కరిగిన పాలిస్టర్ చర్మానికి అతుక్కుంటుంది. కాటన్ మాడుతుంది గానీ అలా అతుక్కోదు. దమ్ కోసం మూత మీద పోసిన నిప్పుల్లోంచి ఓ కణిక ఎగిరి చేతి మీద పడిందనుకోండి, కాటన్ మీద గోధుమరంగు చుక్క మిగులుతుంది, తడిమితే పొడిలా రాలుతుంది. పాలీ కాటన్‌కు పడిన చిల్లు అంచు మాత్రం గట్టిపడి వేలికి గరుకుగా తగులుతుంది. అలాగని కాటన్ అంటుకోదని కాదు, మంట దగ్గర వదులు చేతులు ఏ బట్టవైనా ప్రమాదమే.

ఛాతీ మీద రెండు పొరలెందుకంటే, నూనె చింది పడ్డప్పుడు వేడి ఒంటికి చేరేలోపు క్షణం వ్యవధి దొరుకుతుంది. మరకైతే పై పొర లోపలికి వేసుకోవచ్చు, అది అదనపు లాభం. కానీ మరిగే యఖ్నీ (మాంసం ఉడికించిన రసం) ఒలికి కోటు తడిసిపోతే అదే బట్ట వేడిని ఒంటికి పట్టి ఉంచుతుంది. అప్పుడు కోటు ఎంత త్వరగా ఊడుతుందన్నదే ముఖ్యం. టిచ్ బటన్లు ఒక్క గుంజుతో అన్నీ విడిపోతాయి. గుడ్డ ముడి బటన్లు కరగవు, ఉతుకులో పగలవు, చూడ్డానికీ అందమే, కానీ ఒక్కోటీ కాజాలోంచి తీయాలి. కోటు తీశాక కాలిన చోటును 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ల కింద పెట్టాలి. బట్ట చర్మానికి అంటుకుని ఉంటే లాగకూడదు.

టిచ్ బటన్లకో లోపం ఉంది. ప్లాస్టిక్ వాటి మీద ఇస్త్రీపెట్టె నేరుగా ఆనితే పగులుతాయి, పొట్ట దగ్గరివి ముందు పట్టు వదులుతాయి. కొనేటప్పుడే నాలుగైదుసార్లు గుంజి చూడండి.

చేతుల మడత రెండు చుట్లు తిరిగేంత పొడవుండాలి. దేగ్ (బిర్యానీ వండే పెద్ద గిన్నె) మూత తీసేముందు దాన్ని మణికట్టు దాకా దించుకుంటే ఆవిరి నేరుగా తగలదు. మూత పట్టుకోవడానికి పొడి డస్టరే వాడాలి, తడి డస్టర్‌లోంచి వేడి చేతికి వెంటనే ఎక్కుతుంది. తుడిచే గుడ్డ వేరే ఉంచుకోండి. ఛాతీ జేబు వద్దు, వంగితే పెన్ను దేగ్‌లో పడుతుంది. పెన్నుకూ థర్మామీటరుకూ చేతి మీది జేబు చాలు. ఏప్రాన్ తాడు వెనక నుంచి తిప్పి ముందువైపే ముడేయాలి.

ఎండాకాలంలో 220 జీఎస్ఎం బరువే, ఒప్పుకోవాలి. చంకల కింద గాలి రంధ్రాలు కొంత ఆదుకుంటాయి. వీపు మీద జాలీ ఉన్న కోట్లు చల్లగా ఉంటాయి గానీ ఆ జాలీ సాధారణంగా పాలిస్టరే. ఇరుకు కిచెన్‌లో వెనక నుంచి వేడి కడాయి పట్టుకుని ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. హలీమ్ భట్టీ దగ్గర ఘోటా (హలీమ్ మెదిపే పెద్ద కర్ర) తిప్పేవాళ్లకు భుజం కుట్టు ముందు పిగులుతుంది. వీపు మీద మడత పెట్టి కుట్టినవి తీసుకోవాలి.

ఉతకడం దగ్గరే ఎక్కువ కోట్లు పాడవుతున్నాయి. పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడుతుంది, కంగారుపడి బ్లీచ్ పోయొద్దు. ముందు గిన్నెలు తోమే లిక్విడ్‌తో నెయ్యి వదిలించి, వేడినీళ్లలో ఉతికి, నేరుగా ఎండలో ఆరేయండి, పసుపు రంగు వెలిసిపోతుంది. పదేపదే క్లోరిన్ బ్లీచ్ పడితే కాటన్ పోగు చివుకుతుంది. బోరు నీళ్లకు సబ్బు బిళ్ల వాడితే తెలుపు బూడిదరంగుకు దిగుతుంది, డిటర్జెంట్ పౌడరే నయం.

కుట్టించుకునేవాళ్లు బట్టను ముందే నానబెట్టి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులకే చేతులు పొట్టవుతాయి. రెడీమేడ్ అయితే ఒక సైజు పెద్దది తీసుకోండి.

సలాడ్, కేక్ సెక్షన్లకు పాలీ కాటన్ చాలు. కాటన్ కోటునైనా అప్పుడప్పుడు వెలుతురుకు పట్టి చూడండి. మోచేతి దగ్గర, చేతుల మడత దగ్గర పోగులు విడిగా కనిపిస్తే దాన్ని కూరగాయలు తరిగే చోటికి మార్చి, పొయ్యి దగ్గరికి కొత్తది తెచ్చుకోండి.