సిమెంటు కలిపిన మట్టి బ్లాకులు కొనేవారికి హెచ్చరిక: నాలుగు వారాలు తడపని సరుకు తీసుకోకండి

మట్టి బ్లాకులతో ఇల్లో ప్రహరీయో కట్టుకోవాలనుకుంటున్న వారు డబ్బు చెల్లించే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. నంద్యాల జిల్లాలోని మా నల్లరేగడి పొలంలో కాపలా గది, ప్రహరీ కట్టడానికి గత ఏప్రిల్‌లో దగ్గరలోని ఒక తయారీదారు వద్ద, సిమెంటు కలిపి ప్రెస్‌లో కొట్టిన మట్టి బ్లాకులు 4,000 కొన్నాను. అవి బరువుగా, రాయిలా ఉన్నాయి. రెండింటిని తాటిస్తే ఖంగుమన్నాయి. మా మేస్త్రీ కూడా బాగున్నాయనే అన్నాడు. జులైలో మూడు రోజులు ముసురు పట్టేసరికి అడుగు రెండు వరసలు ఉబ్బి, అంచులు పొరలుగా రాలి, ప్రహరీ ఒక మూల కుంగిపోయింది.

మిగిలిన బ్లాకుల్లో ఒకదాన్ని ఆ రాత్రి బకెట్ నీళ్లలో వేశాను. వెంటనే సన్నని బుడగలు తేలాయి, కాసేపటికే మూలలు విడిపోసాగాయి, తెల్లవారేసరికి నీళ్లు నల్లబడి, వేలు పెడితే దిగిపోయే ముద్ద అడుగున మిగిలింది.

తయారీదారును నిలదీస్తే, ప్రెస్ నుంచి తీసిన బ్లాకులను అయిదు రోజులు ఎండలో ఆరబెట్టి లారీకెక్కించానని, ఎండ ఎంత తగిలితే అంత గట్టిపడతాయని చెప్పాడు. మనమంతా దెబ్బతినేది ఈ నమ్మకం దగ్గరే. బంకమట్టి ఎండితే సిమెంటు లేకపోయినా గట్టిపడుతుంది. వేసవిలో రేగడి పెళ్ల మీద గడ్డపార వేసిన రైతులకు ఈ సంగతి తెలుసు. ఆ గట్టిదనం నీరు తగలగానే పోతుంది. నీటిలో నిలిచే బలం సిమెంటు నీటితో కలిసి బిగుసుకోవడం వల్ల వస్తుంది కాబట్టి, వారాల తరబడి బ్లాకు లోపలి తడి ఆరకూడదు. ఆ చర్యలో వెలువడే సున్నం మట్టిలోని సిలికా, అల్యూమినాలతో నిదానంగా కలిసి ఇచ్చే బంధానికి నెలలు పడుతుంది. వేడి ఈ చర్యలను త్వరపెట్టే మాట నిజమే, కానీ తడి నిలిచినప్పుడు మాత్రమే. మా ఎండల్లో కప్పకుండా వదిలేసిన బ్లాకులో నీరు ఆవిరైపోయి చర్య మధ్యలోనే ఆగిపోతుంది.

తమిళనాడులో పుదుచ్చేరి దగ్గరున్న, మట్టి కట్టడాల మీద పనిచేసే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వారు సగటున 5 శాతం సిమెంటుతో బ్లాకులు చేస్తారు, నాలుగు వారాలు క్యూరింగ్ చేస్తారు, అంటే తడి ఆరకుండా ఉంచుతారు. అయితే వారు మంచిదనే మట్టిలో సుమారు సగం ఇసుక, అయిదో వంతు మాత్రమే బంకమన్ను ఉంటాయి. తడిస్తే ఉబ్బే నల్లరేగడికి ఇసుక కలపకుండా అదే 5 శాతం వేస్తే చాలదు. ఆ మట్టికి సున్నం నప్పుతుంది.

కాబట్టి బ్లాకు ఏ తేదీన కొట్టారో, ఎన్ని రోజులు నీళ్లు పట్టారో ముందే అడగండి. యార్డుకు వెళ్లినప్పుడు తడి గోనెపట్టాలో టార్పాలినో కప్పిన గుట్టలు కనబడాలి. సిమెంటు కలిపిన తడి మట్టిని గంటల తరబడి కుప్పగా ఉంచి ప్రెస్‌లో వేస్తున్నా వెనక్కి వచ్చేయండి, ఎందుకంటే బిగుసుకోవడం మొదలైన మిశ్రమాన్ని ఎంత నొక్కినా సరిగా దగ్గరపడదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1725 ఈ బ్లాకులకు చూడమనేది తడి బలాన్నే, అంటే నీళ్లలో నానబెట్టాక ఉండే బలాన్నే. పరీక్షా నివేదిక చూపిస్తే అది నానబెట్టి చేసినదో కాదో చూడండి. గుట్ట మధ్య నుంచి మీరే మూడు బ్లాకులు ఎంచుకుని రాత్రంతా నానబెట్టండి.

మా దగ్గర మిగిలిన బ్లాకులను గోనెలు కప్పి నెల రోజులు తడిపి చూశాను; బకెట్‌లో మునుపటికన్నా ఎక్కువసేపు నిలిచాయి గానీ అంచులు మళ్లీ విడిచాయి. ఈ వేసవిలో ఇలాంటి సరుకు దింపించుకున్నవారు ప్లాస్టరింగ్ మొదలుపెట్టక ముందే ఒక బ్లాకును నీళ్లలో వేసి చూసుకోండి.